జేబులున్న బొంతలు

ఎవరికైనా నెల తప్పిందన్న వార్త చెవిన పడితే చాలు, మా పెద్దమ్మకు కాలు నిలవదు. ఎవరికి అన్నది ఆమెకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఎన్నో నెల?" జవాబు రాగానే మిగిలిన నెలలు వేళ్ళ మీద లెక్కపెడుతుంది. "అమ్మో! అయితే రేపే మొదలుపెట్టాలి" అంటుంది. రేపు మొదలయ్యేది బొంత.

పెద్దమ్మ అంటే మా అమ్మకు స్వయానా అక్క. యాభై ఏడేళ్ళు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆ గొంతుతోనే ఆమెకు ఉద్యోగం. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. ఊళ్ళో ఏ లిఫ్టు ఏ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయినా, లోపలివాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కితే మోగేది మా పెద్దమ్మ బల్ల మీదే. ఎక్కడ, ఎంతమంది అని అడిగి మెకానిక్కును పంపించాలి. అతను చేరేదాకా లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. దానికి కంపెనీ వాళ్ళు అచ్చు వేయించి ఒక కాగితం ఇచ్చారు. "దయచేసి ఆందోళన చెందకండి, మా సిబ్బంది బయలుదేరారు" అని మొదలవుతుంది. ఇరవై రెండేళ్ళలో పెద్దమ్మ ఆ వాక్యం ఒక్కసారి కూడా చదవలేదు.

"ఆందోళన వద్దంటే లేనిది కూడా పుట్టుకొస్తుందే" అనేది మాతో. "'పొద్దున ఏం తిన్నారు' అని అడిగి చూడు. మనిషి పొద్దుటికి వెళ్ళిపోతాడు. లిఫ్టు సంగతి మర్చిపోతాడు."

ఫోను మోగనంతసేపూ ఆమె ఒళ్ళో బొంత ఉంటుంది. మోగినప్పుడూ ఉంటుంది. చెవులకు తగిలించుకునే ఫోను కాబట్టి చేతులకు సెలవు అక్కర్లేదు. ఎవరో పెద్దమనిషి లోపల "ఊపిరాడటం లేదు, మేడం" అంటుంటే, "ఆడుతోంది నాయనా, ఆడబట్టేగా నాకు వినపడుతోంది" అంటూ టాకా వేసుకుంటూ పోతుంది.

ఈ బొంతల పిచ్చి నాతోనే మొదలైందని మా ఇంట్లో అందరూ నన్ను వేలెత్తి చూపిస్తారు. ముప్పై ఒక్కేళ్ళ కిందట నేను పుట్టినప్పుడు అమ్మావాళ్ళూ పెద్దమ్మావాళ్ళూ పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళు. ఆ ఏడు చలి బాగా పట్టింది. పెద్దమ్మకు అప్పటికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అయినా చెల్లెలి బిడ్డకు బొంత కుట్టి తీరాలనుకుంది. ఇంట్లో వెతికితే ఒక నీలం చొక్కా దొరికింది. పాతది అనుకుంది. మా పెదనాన్న లెక్కలో అది తన మంచి చొక్కా. ఆయనకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఎదుటివాళ్ళకు చూపు సరిచేసే మనిషి, సొంత చొక్కా ఎటుపోయిందో తెలియక మూడు రోజులు ఇల్లంతా వెతికాడు. నాలుగో రోజు నన్ను చూడటానికి వచ్చి, వంగి, అలాగే ఉండిపోయాడట.

"ఇది నా చొక్కాలా ఉందే!"

"లా ఏమిటండీ, అదే" అంది పెద్దమ్మ.

కంగారులో ఆమె జేబు విప్పడం మర్చిపోయింది. బొంతకు నట్టనడుమ గుండీతో సహా జేబు. పెదనాన్న నోరు తెరిచేలోపు ఏడుస్తున్న నేను గుప్పిలి ఆ జేబులోకి దూర్చి ఠక్కున ఊరుకున్నానట. ఇంక ఆయన ఏమంటాడు? ఆనాటి నుంచి పెద్దమ్మ బొంతల్లో జేబు లేని బొంత లేదు.

నిజం చెప్పొద్దూ, ఆమె చేతిలో పెద్ద పనితనం లేదు. అతుకులు అంచులకు కలవవు. గీసిన గీత ఒకవైపు వెళ్తే కుట్టు ఇంకోవైపు వెళ్తుంది. ఒక బొంతకు ఐదు మూలలు వచ్చాయి. ఎలా వచ్చాయో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. "నాలుగు మూలల బొంత ఎవరైనా కుడతారు" అని ఆమె దాన్నీ గర్వంగానే ఇచ్చింది. కానీ ఆ బొంతల్లో ఏదో ఉంది. పిల్లలు వాటిని వదలరు. చిరిగి పీలికలైనా ఒక పీలికనైనా పట్టుకుని తిరుగుతారు. బహుశా అన్నీ మనవాళ్ళ బట్టలే కావడం వల్లనేమో. మా నాన్న ఉద్యోగంలో చేరిన రోజు ప్యాంటు, అమ్మ వంటింటి కర్టెను, నా స్కూలు గౌను, అన్నీ ఎవరో ఒక పసివాడి కింద మెత్తగా ఒదిగిపోయాయి. గుడ్డ కనిపిస్తే చాలు, పెద్దమ్మ రెండు వేళ్ళతో నలిపి చూస్తుంది. ఆమె వస్తోందంటే చుట్టాలు తీగ మీద బట్టలు లోపలికి తెచ్చుకునేవాళ్ళు. పెదనాన్న ఒకసారి బీరువాకు తాళం వేశాడు.

"తాళంచెవి ఎక్కడ పెట్టారు?" అని అడిగాన్నేను.

"జేబులో."

"ఏ జేబులో?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, వంటింటి వైపు పరిగెత్తాడు. అప్పటికే ఆ చొక్కా పెద్దమ్మ కత్తెర కింద ఉంది.

అలా నా తర్వాత అరవై మూడు బొంతలు. ఇక నా వంతు రానే వచ్చింది. నాకు మూడో నెల అని ఫోనులో చెప్పగానే అటునుంచి ఒక కేక, తర్వాత పళ్ళెం పడిన చప్పుడు, తర్వాత పెదనాన్న గొంతు, "ఏమీ కాలేదమ్మా, మీ పెద్దమ్మ గెంతింది, అంతే."

నేను ఆమె మొదటి బొంత పిల్లను కదా, నా బిడ్డకు కుట్టేది అన్నిటికన్నా గొప్పగా ఉండాలని పట్టుబట్టింది. ఐదో నెలకే ఒకటి పూర్తయింది. అంతలో వాళ్ళ వీధి మొగలో టీకొట్టు ఆయన భార్య ముందుగా ప్రసవించింది. బిడ్డను తువ్వాలులో చుట్టి ఉంచారని వినగానే పెద్దమ్మ ఆ బొంత ఇచ్చేసి వచ్చింది. ఏడో నెలకు రెండోది తయారైంది. దాన్ని ఆఫీసులో చూసిన గుమస్తా, "మా ఇంట్లో కూడా ఈ వారమే, మేడం" అని ఊరికే అన్నాడు. ఊరికే అనకూడదు మా పెద్దమ్మతో. అదీ పోయింది.

"నా బిడ్డ సంగతేంటి?" అన్నాను.

"నీకేం తొందర? ఇంకా బోలెడు రోజులున్నాయి" అంది.

రోజులు లేవు. చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందే, ఒక మంగళవారం పొద్దున నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి వెళ్తూ అమ్మ పెద్దమ్మ ఆఫీసుకు ఫోను చేసింది. మూడో బొంతకు ముక్కలన్నీ అతికి, లోపలి పొర వేసి, టాకాలు కూడా అయ్యాయి కానీ చుట్టూ అంచు పట్టీ మిగిలిపోయింది. పెద్దమ్మ బొంత సంచిలో కుక్కింది. పక్క కుర్చీలో కొత్తగా చేరినావిడకు చెవి ఫోను తగిలించింది. ఈ కొత్తావిడ ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇంట్లో ఊసుపోక తొమ్మిది రోజుల కిందటే ఈ పనిలో చేరింది. ఆఫీసులో అందరూ టీచరమ్మ అంటారు.

"నాకింకా ఏమీ రాదండీ!" అని టీచరమ్మ గాభరాపడింది.

"కాగితం ఉందిగా. అది చదవకుండా ఉంటే చాలు" అని పెద్దమ్మ పరుగెత్తింది.

దుకాణం నుంచి పెదనాన్న కూడా వచ్చి ఆసుపత్రి గుమ్మంలో కలిశాడు. ప్రసూతి వార్డు నాలుగో అంతస్తు. ఇద్దరూ లిఫ్టు ఎక్కారు. లోపల ఇంకో ముగ్గురున్నారు. ఫ్లాస్కు పట్టుకున్న ఒక పెద్దావిడ, కుడిచేతికి కట్టు కట్టించుకున్న ఒకాయన, నల్లని సంచీతో, బిగించిన టైతో ఒక మందుల కంపెనీ ప్రతినిధి. తలుపులు మూసుకున్నాయి. ఒకటి దాటింది, రెండు దాటింది, ఒక కుదుపు, దీపం మిణుకుమంది, లిఫ్టు ఆగిపోయింది.

పెద్దమ్మ పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది.

"మీకేమైందమ్మా?" అన్నాడు కట్టు ఆయన భయపడి.

"ఏం లేదు నాయనా! ఇరవై రెండేళ్ళుగా అందరికీ బయట కూర్చుని చెప్తున్నా. ఇవాళ్టికి లోపలికొచ్చా!" అని ఎర్ర బొత్తాం నొక్కింది. ఆ లిఫ్టు వాళ్ళ కంపెనీ చూసుకునేదే.

బొత్తాం పక్క చిల్లుల పలకలోంచి టీచరమ్మ గొంతు గట్టిగా వచ్చింది. "హలో! ఎవరు మాట్లాడేది?"

"నేనేనమ్మా."

"నేను అంటే ఎలా? పూర్తి వివరాలు చెప్పాలి."

"నీ పక్క కుర్చీ."

"అయ్యయ్యో, మీరా! ఇప్పుడు నేనేం చెయ్యాలి? కాగితం చదవనా?"

"చదవద్దు. ముందు మెకానిక్కుని పంపించు. తర్వాత పొద్దున ఏం తిన్నానో అడుగు."

కాగితాలు తిప్పిన చప్పుడు, ఇంకో ఫోనులో ఏదో అన్న చప్పుడు. మళ్ళీ బడి గొంతు. "మెకానిక్కు ఊరికి అటు చివర ఉన్నాడట, నలభై నిమిషాలు పడుతుంది. పొద్దున ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదమ్మా, పరుగెత్తుకొచ్చా."

ఆ మాట విని ఫ్లాస్కు ఆవిడ మూత తిప్పి వేడివేడి టీ పోసి పెద్దమ్మ చేతికిచ్చింది. ఎవరికోసం తెచ్చారంటే, "మా ఆయనకు. ఆయన పైన గదిలో నిద్రపోతున్నాడు, ఏం ఫర్వాలేదు" అంది. మూత చేతులు మారి అందరి దగ్గరికీ తిరిగింది. టీ అయిపోయేసరికి పెద్దమ్మ సంచి విప్పింది.

"నలభై నిమిషాలంటే నాకు బోలెడు. మీరు తలో మూల పట్టుకోండి."

కాదనే మనిషి లేడు, కాదని ఎక్కడికి వెళ్తాడు? పెదనాన్న ఒక మూల, ఫ్లాస్కు ఆవిడ ఒక మూల, టై అబ్బాయి ఒక మూల, కట్టు ఆయన ఎడమచేత్తో ఒక మూల పట్టుకున్నారు. పెద్దమ్మ మధ్యలో గొంతుక్కూర్చుని అంచు పట్టీ కుట్టుకుంటూ చుట్టూ జరుగుతోంది. ఆమె జరిగినప్పుడల్లా నలుగురూ బొంతతో సహా గుండ్రంగా జరగాలి. అవతల టీచరమ్మ రెండేసి నిమిషాలకు "అందరూ ఉన్నారా?" అని హాజరు తీసుకుంటోంది. మొదట మొహమాటంగా "ఉన్నాం" అన్నవాళ్ళే, నాలుగోసారికి వరసపెట్టి "ఉన్నానండీ!" "ఉన్నానండీ!" అని కేకలు పెట్టారట.

మూడు వైపులు పూర్తయ్యాయి. నాలుగో వైపు సగానికి వచ్చేసరికి పట్టీ అయిపోయింది. ఇంకా మూరెడు కావాలి. పెద్దమ్మ తలెత్తి పెదనాన్న చొక్కా వైపు చూసింది. ఆయన మూల వదిలేసి రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకున్నాడు.

"వద్దు. పుట్టే బిడ్డ నన్ను మొదటిసారి చూసేది ఈ చొక్కాలోనే."

ఆమె చూపు మెల్లగా పక్కకు జరిగింది. ముదురాకుపచ్చ టై, దాని మీద సన్నని పసుపు చుక్కలు.

"బాబూ, ఆ టై నీదేనా?"

"నాదేనండీ... అంటే కంపెనీది."

"నీకిష్టమా అది?"

ఆ అబ్బాయి తల వంచి టై వైపు చూసుకున్నాడు. "ఆరేళ్ళలో ఎవరూ అడగలేదండీ ఈ మాట" అన్నాడు. ముడి వదులు చేసి, తల మీదుగా తీసి, పై గుండీ విప్పుకుని, లోపలిదాకా ఊపిరి పీల్చుకున్నాడు. "కుట్టెయ్యండి."

ఇదంతా జరుగుతుండగా పైన నా పరిస్థితి వేరేలా ఉంది. నొప్పులు ఉద్ధృతంగా ఉన్న సమయంలో అమ్మ తలుపు తోసుకుని వచ్చి, "మీ పెద్దమ్మ లిఫ్టులో ఇరుక్కుందే" అంది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, నొప్పిలో నవ్వు. డాక్టరమ్మ "నవ్వొద్దు, నెట్టండి!" అని గద్దించింది. "మా పెద్దమ్మ ఉద్యోగం ఏమిటో తెలుసా మీకు?" అని చెప్పడం మొదలుపెట్టాను. సగం వినేసరికి ఆవిడకూ ఆగలేదు, నర్సుకూ ఆగలేదు. ఆ నవ్వుల మధ్యే మా అమ్మాయి పుట్టింది. ఈ గోలేమిటి అన్నట్టు అది మాత్రం గట్టిగా ఏడ్చింది.

మా ఆయన బిడ్డను చూసీ చూడగానే మెట్ల మీదుగా మూడో అంతస్తుకు దూకి, లిఫ్టు తలుపు సందులో నోరు పెట్టి అరిచాడు. "పెద్దమ్మగారూ! ఆడపిల్ల!"

లోపల ఐదుగురూ ఒక్కసారి కేక వేశారు. కట్టు ఆయన కట్టు చెయ్యి సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయి "అబ్బా!" అన్నాడు.

"ఏమిటా అల్లరి? ఎవరక్కడ?" అంది టీచరమ్మ.

"ఆడపిల్లమ్మా! మాకు ఆడపిల్ల!"

"ఆడపిల్లా!" అని టీచరమ్మ కూడా అరిచింది. వెనుక ఆఫీసంతా అరిచింది. వెంటనే తేరుకుని, "గెంతుతున్నారా? గెంతకండి! లిఫ్టులో గెంతకూడదని కాగితంలో ఉంది!" అంది. అప్పటికే పెదనాన్న గెంతడం అయిపోయింది.

మెకానిక్కు వచ్చి తలుపు తెరిచేసరికి లిఫ్టు మూడో అంతస్తుకు నడుము లోతున ఉంది. అతను ఆరున్నర అడుగుల మనిషి. ఎక్కడికెళ్ళినా తలుపు కమ్మీకి దండం పెట్టినట్టు వంగి వస్తాడు. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కిందికి చాపాడు. పెద్దమ్మ ఆ చేతిలో ముందు బొంత పెట్టింది. "ఇది జాగ్రత్త నాయనా. మేం మెల్లగా వస్తాం."

వార్డులోకి అంతమందిని రానివ్వం అన్నారు. ఐదు తలకాయలూ తలుపు దగ్గర ఒకదాని మీద ఒకటి కనిపించాయి. ఎవరైనా ఆపేలోపే పెద్దమ్మ లోపలికొచ్చి, మా అమ్మాయిని బొంతలో చుట్టి, ఇంకేమీ మాట్లాడలేక నా నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి మాట్లాడకపోతే నాకే భయమేసింది. "పొద్దున ఏం తిన్నావు పెద్దమ్మా?" అన్నాను. "నోర్ముయ్యవే" అని ముద్దు పెట్టుకుంది. ఆకుపచ్చ అంచు మీద పసుపు చుక్కలు మెరుస్తున్నాయి. ఆ అబ్బాయి మెడ ఖాళీగానే పెట్టుకుని మా డాక్టరమ్మనే కలవడానికి వెళ్ళాడట. మందుల ఊసు ఒక్కటీ రాలేదట, ఇద్దరూ బొంత గురించే మాట్లాడుకున్నారట.

అందరూ వెళ్ళాక చూస్తే మెకానిక్కు ఇంకా వరండాలోనే ఉన్నాడు. పనిముట్ల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"అమ్మా, ఒకటడగనా? బొంతలు పిల్లలకేనా కుడతారు?"

"ఆ. ఏం?"

"పెద్దవాళ్ళకి కుట్టరా?" అని చెవులు ఎర్రబడగా నేల చూశాడు. "ఎనిమిదో క్లాసు నుంచి నా కాళ్ళు బయటే ఉంటాయమ్మా. ఏ దుప్పటీ సరిపోదు. హాస్టల్లో కాళ్ళకు గోనెసంచి తొడుక్కుని పడుకునేవాణ్ణి."

పెద్దమ్మ అతని గొంతును పదకొండేళ్ళుగా రోజూ వింటోంది. ఫలానా చోటికి వెళ్ళు, ఫలానా చోటికి పరుగెత్తు అని పంపిస్తూనే ఉంది. ఆ పరుగెత్తే కాళ్ళు రాత్రంతా చల్లగా ఉంటాయని ఆమెకు తట్టనే లేదు. ఆ విషయం ఆమెను బాగా కదిలించిందని పెదనాన్న తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఆమె అన్నది ఒక్కటే. "ఎన్నో నెల అని అడగక్కర్లేదు కాబట్టి రేపే మొదలెడతా. కొలత చెప్పు."

దుప్పటి ఎంతుంటే కాళ్ళు అంతే చాపుకోవాలంటారు. ఇక్కడ కాళ్ళు ఎంతుంటే దుప్పటి అంత కుట్టాలి. అది ఏ గదిలోనూ పట్టలేదు. చివరికి పెద్దమ్మవాళ్ళ వాటా బయట పొడుగు నడవాలో పరిచారు. ఇరుగుపొరుగు వాళ్ళు గోడకు ఆనుకుని పక్కవాటుగా నడిచి వెళ్ళేవాళ్ళు, వెళ్తూ వెళ్తూ ఒక కుట్టు వేసి వెళ్ళేవాళ్ళు. ఆదివారాలు ఫ్లాస్కు ఆవిడ ఫ్లాస్కు, భర్తతో సహా వచ్చేది. టీచరమ్మ సుద్దముక్క, స్కేలు తెచ్చి తిన్నని గీతలు గీసేది. ఆ గీతలకు, పెద్దమ్మ కుట్లకు ఒక్కచోటా పొసగలేదు. "నేను గీసిందేమిటి, మీరు కుట్టిందేమిటి?" "గీత నీది, బొంత నాది." మూడు నెలల మా అమ్మాయిని మధ్యలో పడుకోబెట్టి చుట్టూ కుట్టేవాళ్ళం. అది నిద్రపోతే బొంత తిప్పడానికి లేదు. అందుకని ఒకవైపు నెల ముందే పూర్తయింది.

తయారయ్యాక మెకానిక్కును పిలిచి కొలత చూశారు. అతను నడవాలో పడుకుని కప్పుకున్నాడు. కాళ్ళు జానెడు బయట!

"కొలత సరిగ్గానే తీసుకున్నానే!" అంది పెద్దమ్మ నోటి మీద చెయ్యేసుకుని.

"నేను పడుకున్నప్పుడు ఎంత ఉంటానో అంతే చెప్పానమ్మా" అన్నాడతను.

"ఎలా పడుకున్నప్పుడు?"

అతను అలవాటుగా పక్కకు తిరిగి మోకాళ్ళు ముడిచి చూపించాడు. నడవా అంతా గొల్లుమంది. అతనే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. తిన్నగా చాపుకుని పడుకుంటే తను ఎంత పొడుగో అతనికే తెలియదు పాపం. పెద్దమ్మ ఇంకో రెండు వరసలు జోడించింది. కాళ్ళ దగ్గర రెండు పెద్ద జేబులు కూడా పెట్టింది, పాదాలు దూర్చుకోవడానికి.

పట్టుకెళ్ళే రోజున అసలు చిక్కు వచ్చింది. మడిస్తే అది చిన్న పరుపంత అయింది. మోటారుసైకిలు వెనక కడితే జారిపోతోంది, ముందు పెడితే దారి కనపడదు. తాడు కోసం పెదనాన్న లోపలికెళ్ళాడు. మెకానిక్కు ఇంకేమీ ఆలోచించకుండా బొంత విప్పి, భుజాల మీదుగా కప్పుకుని, రెండు కొసలూ నడుముకు చుట్టుకుని బండెక్కాడు. మిట్టమధ్యాహ్నం, మండే ఎండ.

"ఒరేయ్, ఉడికిపోతావురా!" అని పై నుంచి పెద్దమ్మ కేక.

"పోనివ్వండమ్మా, ఇన్నేళ్ళకు వెచ్చగా ఉంది!" అని అతను తిరుగుకేక వేశాడు.

వీధిలో జనం నిలబడి చూస్తున్నారు. టీకొట్టు ఆయన చంటిబిడ్డను చంకనేసుకుని బయటికొచ్చాడు. బండి మలుపు తిరిగేసరికి గాలికి బొంత తెరచాపలా ఉబ్బి, అన్ని రంగులూ ఒక్కసారి విచ్చుకున్నాయి. మా పెద్దమ్మ పిట్టగోడ పట్టుకుని, నవ్వలేక నవ్వలేక, చెంగున ఒక గెంతు గెంతింది.